ఏజెన్సీలో కంపెనీ సర్వేకి దిగితే ఊరు ముందుగా చేసుకోవాల్సిన పని

తమ్ముడూ, నువ్వు రాసింది మొత్తం చదివాను. మీ ఊరు అల్లూరి సీతారామరాజు జిల్లా, అనకాపల్లి జిల్లా సరిహద్దు కొండల్లో ఉంది, పంప్డ్ స్టోరేజ్ ప్రాజెక్టు (నీళ్లు పై రిజర్వాయరుకి తోడి, కిందికి వదిలి కరెంటు తీసేది) అని చెప్పి సర్వే వాళ్లు గెడ్డ (కొండవాగు) పక్కన రాళ్లు పాతి వెళ్లారు, ఎకరానికి ఇంత డబ్బు, ఇంటికో ఉద్యోగం అంటూ ఒకాయన ఇల్లిల్లూ తిరుగుతున్నాడు, కొందరి దగ్గర తెల్లకాగితం మీద వేలిముద్రలు కూడా తీసుకున్నాడు. మీ చేతిలో కొంత డి-పట్టా భూమి (ప్రభుత్వం సాగుకి ఇచ్చిన అసైన్డ్ భూమి) ఉంది, మిగతాదంతా పట్టా లేని కొండపోడు. ఏజెన్సీ భూమి గిరిజనేతరుల చేతికి పోకుండా చూసే 1/70 చట్టం ఉంది కదా, సమతా తీర్పు ఉంది కదా, అవి నిజంగా కాపాడతాయా లేక పేరుకే ఉన్నాయా అని అడిగావు. ఉద్యోగం కావాలనుకునే కుర్రాళ్లని ఏమనాలో తెలియట్లేదనీ రాశావు.

చట్టాలు కాపాడతాయి. నేను ఏజెన్సీలో ఎల్‌టీఆర్ (భూబదిలీ నిబంధన) కేసులు, అటవీ హక్కుల దరఖాస్తులు చూస్తూ చాలా ఏళ్లు గడిపాను, కాపాడిన ఊళ్లనీ చూశాను, అదే చట్టం ఉండి కూడా ఖాళీ అయిపోయిన ఊళ్లనీ చూశాను. ఈ రెండు రకాల ఊళ్ల మధ్య నాకు కనిపించిన తేడా లాయర్ల వల్ల వచ్చింది కాదు. ప్రాజెక్టు కాగితాలు కదలకముందే ఈ కొండ మాది, దీన్ని ఇలా వాడుకుంటున్నాం, ఇక్కడ మా దేవత ఉంది, ఈ ఊట నీళ్లు తాగుతున్నాం అని ఊరంతా కూర్చుని రాసి, సంతకాలు పెట్టి, ఆఫీసులో ఇచ్చి ముద్ర వేయించుకున్న ఊరు నిలబడింది. నోటీసు వచ్చాక పరిగెత్తిన ఊరికి చాలాసార్లు నష్టపరిహారం ఎంత అన్న బేరం ఒక్కటే మిగిలింది.

అన్నిటికన్నా ముందు ఒకటి తేల్చుకో. మీ ఊరు షెడ్యూల్డ్ ఏరియాలో ఉందా లేదా? గిరిజనులు ఉన్నంత మాత్రాన ఊరు షెడ్యూల్డ్ ఏరియా అయిపోదు, రాష్ట్రపతి ఉత్తర్వులో ఆ ఊరి పేరు ఉండాలి. అనకాపల్లి వైపు, సాలూరు, పార్వతీపురం వైపు కొండలకి ఆనుకుని గిరిజనులే ఉంటున్న ఊళ్లు వందల్లో ఉన్నాయి, వాటికి రాజ్యాంగంలోని ఐదో షెడ్యూలు (గిరిజన ప్రాంతాల ప్రత్యేక రక్షణలు) వర్తించదు. అంటే 1/70 లేదు, పీసా (గ్రామసభలకి అధికారాలిచ్చే చట్టం) లేదు. ఈ ఊళ్లని షెడ్యూల్డ్ ఏరియాలో కలపమని దశాబ్దాలుగా అడుగుతూనే ఉన్నారు, ఫైళ్లు ఢిల్లీ దాకా వెళ్లి అక్కడే ఉండిపోతున్నాయి. కంపెనీలకి ఈ సరిహద్దు బాగా తెలుసు, రిజర్వాయరు గీత ఎక్కడ గీయాలో చూసుకునే గీస్తారు. మీది అటువైపు ఊరైతే నీ చేతిలో ఉండేది 2006 అటవీ హక్కుల చట్టం (అది షెడ్యూల్డ్ ఏరియాతో సంబంధం లేకుండా అడవి ఉన్న ప్రతిచోటా వర్తిస్తుంది), 2013 భూసేకరణ చట్టం, ఎస్సీ ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం. డి-పట్టాకి 1977 అసైన్డ్ భూముల చట్టం గట్టి అండగా ఉండేది, 2023 సవరణతో ఇరవై ఏళ్లు దాటిన పట్టాల విషయంలో ఆ అండ సడలిపోయింది. కాబట్టి మండల రెవెన్యూ ఆఫీసులో అడిగి, ఊరి పేరు ఉందో లేదో రాతపూర్వకంగా తీసుకో. నోటిమాట నమ్మొద్దు.

ఊరు షెడ్యూల్డ్ ఏరియాలోనే ఉందనుకుందాం. 1/70 అని మనం పిలుచుకునేది 1959 భూబదిలీ నిబంధనకి 1970లో వచ్చిన సవరణ, ఆ ఏడాది ఫిబ్రవరి 3 నుంచి అమల్లో ఉంది. ఏజెన్సీలో భూమి ఎవరి చేతిలో ఉన్నా సరే, గిరిజనుడికి గానీ, గిరిజనులు మాత్రమే ఉన్న సహకార సంఘానికి గానీ తప్ప ఇంకెవరికీ బదిలీ కాదు. అమ్మకం ఒక్కటే బదిలీ అనుకోవద్దు. తనఖా, కౌలు, దానం, మార్పిడి అన్నీ అందులోకే వస్తాయి. గిరిజనేతరుడి స్వాధీనంలో భూమి కనిపిస్తే అది గిరిజనుడి దగ్గర్నుంచి వచ్చిందనే చట్టం మొదట అనుకుంటుంది, కాదని రుజువు చేసుకోవాల్సింది ఆ గిరిజనేతరుడే. 1988లో సుప్రీంకోర్టు ఈ నిబంధన చెల్లుతుందని చెప్పింది. కాగితం మీద దేశంలో ఇంత గట్టి రక్షణ ఉన్న రాష్ట్రాలు తక్కువ.

మరి భూములు ఎలా పోయాయంటే, మనుషుల పేర్లు వాడుకుని. పాలేరు పేరున కొనడం, గిరిజన మహిళని పెళ్లి చేసుకుని ఆమె పేరున పెట్టి తను అనుభవించడం, ఐదు వేల అప్పుకి మూడెకరాలు పంటకి వదిలేయించుకుని పదేళ్లయినా తిరిగి ఇవ్వకపోవడం, 1970కి ముందు కొన్నామని పాత తెల్లకాగితం ఒకటి పుట్టించడం. స్పెషల్ డిప్యూటీ కలెక్టర్ దగ్గర కేసు గెలిచి, భూమి అప్పగింతకి వచ్చేసరికి అప్పీలు, ఆ మీద రివిజన్, ఆ మీద హైకోర్టు స్టే. కేసు వేసిన తండ్రి పోతాడు, కొడుకుకి ఆ కేసు నంబరు కూడా తెలీదు. ఇది చదివి నిరాశపడొద్దు. మీ ఊళ్లో ఇంటింటికీ తిరుగుతున్న మనిషి ఇప్పుడు చేస్తున్నది కూడా ఇదే దారి, అందుకని చెప్తున్నాను. గిరిజనుల్లోంచే ఒకరిద్దర్ని పట్టుకుని వాళ్ల పేరున కాగితాలు నడిపించే అవకాశం ఉంది, ఎవరి పేరు మీద ఏం రాస్తున్నారో కనిపెట్టుకుని ఉండండి.

సమతా తీర్పు గురించి చాలామంది సగమే చెప్తారు. అనంతగిరి మండలం బొర్రా చుట్టుపక్కల ఊళ్లలో ప్రభుత్వం తన భూమి అని చెప్పి కాల్సైట్ గనులకి ప్రైవేటు కంపెనీలకి లీజులిచ్చింది. సమతా అనే సంస్థ గిరిజనుల తరఫున కోర్టుకెళ్లింది, హైకోర్టులో ఓడిపోయింది, సుప్రీంకోర్టులో 1997 జూలై 11న గెలిచింది, అది కూడా ముగ్గురు జడ్జిల్లో ఇద్దరి మాట మీద. తీర్పు సారం ఏమిటంటే, 1/70 ప్రభుత్వాన్ని కూడా కట్టేస్తుంది, షెడ్యూల్డ్ ఏరియాలో ప్రభుత్వ భూమైనా సరే గిరిజనేతరులకి, ప్రైవేటు కంపెనీలకి లీజుకివ్వడం చెల్లదు. ప్రభుత్వ ఖనిజాభివృద్ధి సంస్థకి గానీ గిరిజనుల సహకార సంఘానికి గానీ ఇవ్వొచ్చు, లాభాల్లో కనీసం 20 శాతం ఆ ప్రాంతం మంచి కోసం పక్కన పెట్టాలి. నాలుగేళ్ల తర్వాత బాల్కో అనే అల్యూమినియం కంపెనీ కేసులో సుప్రీంకోర్టే ఈ తీర్పు మీద అనుమానాలు వెలిబుచ్చింది, కంపెనీ లాయర్లు ఆ పేజీ తెచ్చి చూపిస్తారు. కానీ అది వేరే రాష్ట్రం, అక్కడి భూమి చట్టం వేరు, ఆ తీర్పులోనే ఆ తేడా చెప్పారు. ఆంధ్ర, తెలంగాణ ఏజెన్సీలకి సమతా ఇంకా బతికే ఉంది. మీది గని కాదు, నీళ్ల ప్రాజెక్టు, అయినా ప్రభుత్వ భూమిని ప్రైవేటు కంపెనీకి అప్పగించడం అన్న దగ్గర ఇదే వాదన పెట్టాలి, నేనైతే పెడతాను.

తీర్పు వచ్చినంత మాత్రాన ప్రభుత్వాలు ఊరుకున్నాయనుకోకు. ప్రైవేటుకి లీజు ఇవ్వకూడదు కదా, అందుకని 2005 నుంచి బాక్సైట్ (అల్యూమినియం తీసే ఖనిజం) విషయంలో ఇంకో తలుపు తెరిచారు. ఖనిజాభివృద్ధి సంస్థ పేరున లీజు, తవ్విన ఖనిజం మాత్రం జిందాల్, అన్‌రాక్ అనే ప్రైవేటు కంపెనీలకి. జెర్రెల, సప్పర్ల, అరకు కొండల పేర్లన్నీ అప్పుడే పేపర్ల కెక్కాయి. మాకవరపాలెం దగ్గర ఫ్యాక్టరీ కూడా కట్టేశారు. 2015 నవంబరులో జీవో 97 వచ్చింది, జెర్రెల బ్లాకుల్లో 1,212 హెక్టార్ల అడవి తవ్వకానికి ఇస్తూ. అప్పుడు చింతపల్లి, జి.కె.వీధి, పాడేరు సంతల్లో జనం మాట్లాడుకున్నది ఒకటే, కొండ తల తీసేస్తే గెడ్డలు ఎండిపోతాయి, కాఫీ పోతుంది, మిరియం పోతుంది, పసుపు పోతుంది. బంద్‌లు, ధర్నాలు, గ్రామసభల తీర్మానాలు, అన్ని పార్టీల గిరిజన నాయకులు తమ పార్టీనే ఎదిరించాల్సిన పరిస్థితి. జీవోని పక్కన పెట్టారు, చివరికి 2019లో రద్దు చేశారు. కట్టిన ఫ్యాక్టరీకి ఈ కొండల ఖనిజం చేరలేదు. కోర్టు తీర్పుని అడ్డంగా పెట్టుకుని ఊళ్లు పోరాడితే వచ్చిన ఫలితం ఇది, ఏ ఒక్కటి లేకపోయినా వచ్చేది కాదు.

మన చరిత్రంతా ఇలాగే ఉంది. 1879లో రంప కొండల్లో కల్లు గీసుకోవడం మీద పన్ను వేస్తే జనం తిరగబడ్డారు. షావుకార్ల చేతికి భూములు పోతున్నాయని మద్రాసు ప్రభుత్వం 1917లో మొదటి భూబదిలీ చట్టం తెచ్చింది, కానీ పోడు మీద ఆంక్షలూ రోడ్డు పనుల్లో వెట్టీ ఆగలేదు, 1922 ఆగస్టులో చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి స్టేషన్ల మీద అల్లూరి సీతారామరాజు, గాం సోదరుల దళం పడింది. 1940లో జోడేఘాట్‌లో కొమురం భీంని చంపాకే నిజాం సర్కారు మానవ శాస్త్రవేత్త హైమెన్‌డార్ఫ్‌ని పంపించి గోండుల గోడు రాయించుకుంది. 1981 ఏప్రిల్ 20న ఇంద్రవెల్లిలో భూమి పట్టాలు అడగడానికి వచ్చిన గోండుల మీద కాల్పులు జరిగాయి, ప్రభుత్వ లెక్క ప్రకారమే 13 మంది చనిపోయారు. ఈ చట్టాలు మీకెవరో దయతో ఇచ్చినవి కావు. ఆఫీసులో అడుగుతున్నప్పుడు చేతులు కట్టుకుని నిలబడక్కర్లేదు.

ఇప్పుడు నియమగిరి. నీకు పేరు తెలిసే ఉంటుంది, వివరాలు తెలుసుకో, ఎందుకంటే మీ పనికి దగ్గరి పాఠం అదే. ఒడిశాలో రాయగడ, కలహండి జిల్లాల మధ్య ఉన్న కొండ. అక్కడి డొంగ్రియా కోదులు మాట్లాడే కువి భాషే మన ఏజెన్సీలో కోదు కుటుంబాలు కూడా మాట్లాడతాయి. కొండ కింద లాంజిగఢ్‌లో వేదాంత కంపెనీ శుద్ధి కర్మాగారం కట్టింది, పైన 660 హెక్టార్ల మేర బాక్సైట్ లీజు. ఫ్యాక్టరీ ముందు కట్టి, తర్వాత కొండ అడగడం. కోట్ల రూపాయలు పెట్టేశాం కదా, ఇప్పుడు కాదంటే ఎలా అన్నది వాళ్ల వాదన, ఈ వాదన ప్రతిచోటా వినిపిస్తుంది, మీ దగ్గరా సర్వే రాళ్ల తర్వాత రోడ్డు, రోడ్డు తర్వాత షెడ్లు అని ఇలాగే మొదలవుతుంది. 2010లో కేంద్రం వేసిన సక్సేనా కమిటీ వెళ్లి చూసి అటవీ హక్కుల చట్టాన్ని తొక్కేశారని రాసింది, కేంద్ర పర్యావరణ శాఖ అనుమతి ఆపింది. కేసు సుప్రీంకోర్టుకి వెళ్లింది. 2013 ఏప్రిల్ 18న కోర్టు చెప్పిందేమిటంటే, ఆ కొండ మీద తమ దేవుడు నియమరాజుని కొలిచే హక్కు గిరిజనులకి ఉంది, తవ్వకం ఆ హక్కుకి అడ్డొస్తుందో లేదో గ్రామసభలే తేల్చాలి.

కొండ మీదా చుట్టూ వందకి పైగా ఊళ్లుంటే, ఒడిశా ప్రభుత్వం 12 ఊళ్లే ఎంచింది. అవి కూడా తమకి అనుకూలమనుకున్న ఊళ్లే ఎంచారని అక్కడివాళ్లు మొత్తుకున్నారు. జూలై 18 నుంచి ఆగస్టు 19 దాకా, వానల్లో, జిల్లా జడ్జి ఎదురుగా, పోలీసుల మధ్య 12 సభలూ జరిగాయి. పన్నెండూ వద్దన్నాయి. ఒక్క ఊరు కూడా జారిపోలేదు. 2014 జనవరిలో కేంద్రం అనుమతి నిరాకరించింది, 2016లో సభలు మళ్లీ పెట్టాలని ఒడిశా గనుల సంస్థ వేసిన పిటిషన్‌ని కోర్టు కొట్టేసింది. అన్నీ సుఖాంతం అని చెప్పను. కింద ఫ్యాక్టరీ వేరే చోట్ల నుంచి ఖనిజం తెచ్చుకుని నడుస్తూనే ఉంది, నియమగిరి కార్యకర్తల మీద కేసులు పడ్డాయి, అరెస్టులు జరిగాయి. కానీ ఆ కొండ మాత్రం తవ్వలేదు.

ఇందులో నువ్వు గమనించాల్సింది, జడ్జి ముందు లేచి మాట్లాడిన ఆడవాళ్లు, ముసలివాళ్లు సెక్షన్లు చెప్పలేదు. ఈ కొండ నీళ్లతో పండించుకుంటాం, ఈ దుంపలు, ఈ పళ్లు ఇక్కడే దొరుకుతాయి, మా రాజు ఇక్కడున్నాడు అని చెప్పారు. అది సాక్ష్యంగా నిలబడింది, ఎందుకంటే అటవీ హక్కుల చట్టం కింద అది నిజంగానే సాక్ష్యం.

ఇక్కడ కాస్త ఎక్కువ సేపు ఆగుతాను, ఎక్కువ ఊళ్లు వదిలేసేది దీన్నే. ఆర్‌ఓఎఫ్‌ఆర్ పట్టా (అటవీ హక్కుల చట్టం కింద ఇచ్చేది) అనగానే అందరికీ గుర్తొచ్చేది సొంత పోడుకి వ్యక్తిగత పట్టా. 2005 డిసెంబరు 13కి ముందు నుంచి సాగులో ఉండాలి, నాలుగు హెక్టార్లకి మించదు, భార్యాభర్తలిద్దరి పేరునా వస్తుంది, అమ్ముకోవడానికి లేదు. అది వేసుకోండి, తప్పకుండా వేసుకోండి (ఇప్పుడు కొత్తగా చెట్లు కొట్టి పాత పోడని చూపించొద్దు, మొత్తం ఊరి దరఖాస్తు పాడవుతుంది). కానీ పది కుటుంబాల పట్టాలు కొండని కాపాడవు. పదిమందికీ పరిహారం లెక్కగట్టి తీసేసుకోవచ్చు. కొండ మొత్తాన్ని, గెడ్డల్ని, దేవత తోపుల్ని, పశువుల మేతని, అడ్డాకులు, చింతపండు, సీకాయ, దుంపలు తెచ్చుకునే జాగాల్ని కాపాడేది సామూహిక హక్కు. ఫారం బి సామూహిక హక్కులకి, ఫారం సి సామూహిక అటవీ వనరు మీద హక్కుకి. ఊరి హద్దులోని అడవినంతా కాపాడుకునే, నిర్వహించుకునే హక్కు ఈ రెండోది. అది చేతికొస్తే గెడ్డ పుట్టేచోటుని, కొండ మీది నీటి వనరుల్ని, మీ సంస్కృతికి ముఖ్యమైన చోట్లని నాశనం కాకుండా చూసే అధికారం గ్రామసభకి చట్టంలో ఐదో సెక్షన్ ఇస్తుంది.

దీనికి సాక్ష్యంగా ప్రభుత్వ రికార్డే కావాలని ఎవరైనా అంటే అటవీ హక్కుల నిబంధనల్లో 13వది చూపించు. ఊరి పెద్దల వాంగ్మూలం రాసుకుంటే సాక్ష్యం. పాత ఇళ్ల గుర్తులు, బావులు, శ్మశానం, పూజ చేసే చెట్టు, తోపు, గెడ్డలో చేపలు పట్టే మడుగు, మూలికలు తెచ్చే చోటు, ఇవన్నీ సాక్ష్యాలు. కాబట్టి పని ఇలా మొదలుపెట్టండి. ముసలివాళ్లు ఇద్దరు ముగ్గుర్ని, అడవికి రోజూ వెళ్లే ఆడవాళ్లని, మీ పూజలు చేయించే దిసారిని, గురుమాయిని, నీలాంటి చదువుకున్న కుర్రాళ్లని కలిపి కొండంతా నడవండి. నాలుగు హద్దుల దాకా నడవండి. ఆగిన ప్రతిచోటా ఆ చోటుకి మీవాళ్లు పిలుచుకునే పేరు రాయండి. కొండకి ప్రభుత్వ మ్యాపులో ఒక నంబరే ఉంటుంది, మీ దగ్గర ప్రతి వాలుకీ ప్రతి బండకీ పేరుంటుంది. జాకర దేవతకి ఎక్కడ పూజ చేస్తారు, ఇటుకల పండగ రోజుల్లో వేటకి ఏ దారిన వెళ్తారు, విత్తనం ఎక్కడ మొదట చల్లుతారు, కొర్ర కొత్త తినేముందు ఎవరికి పెడతారు, అన్నీ రాయండి. ఫోన్‌లో జీపీఎస్ ఆన్ చేసి ఫొటో తీయండి, తేదీ పడేలా. ఏ నెలలో అడవి నుంచి ఏం తెస్తారు, సంతలో ఎంతకి అమ్ముతారు, జీసీసీకి (గిరిజన సహకార సంస్థకి) ఎంత ఇస్తారు అన్నది ఆడవాళ్లే సరిగ్గా చెప్పగలరు, మగవాళ్లని అడిగితే సగం మర్చిపోతారు. రెండు మూడు వారాల పని ఇది. ప్రాజెక్టు రిపోర్టులో మీ కొండని బంజరు, పలచని అడవి అని రాస్తారు, దాని ఎదురుగా పెట్టడానికి మీ చేతిలో ఇది ఉండాలి.

దరఖాస్తు ఇచ్చి రసీదు తీసుకోండి. రసీదు ఇవ్వబోమని అంటే స్పీడ్ పోస్టులో పంపండి, సబ్ కలెక్టర్‌కి, ఐటీడీఏ (గిరిజనాభివృద్ధి సంస్థ) ప్రాజెక్టు అధికారికి. ఒకసారి దరఖాస్తు నడుస్తుంటే, విచారణ పూర్తయ్యేదాకా అటవీ భూమి నుంచి మిమ్మల్ని ఖాళీ చేయించకూడదని నాలుగో సెక్షన్ చెప్తుంది. తిరస్కరిస్తే కారణం రాసి ఇవ్వాలి, గ్రామసభ నిర్ణయం మీదైతే 60 రోజుల్లో సబ్ డివిజన్ కమిటీకి అప్పీలు ఉంటుంది. 2022లో వచ్చిన అటవీ నిబంధనల తర్వాత కేంద్రం అనుమతి ముందే ఇచ్చేసి, హక్కుల సంగతి తర్వాత రాష్ట్రం చూసుకుంటుందన్న పద్ధతి వచ్చింది. అందుకే మీ దరఖాస్తు వాళ్ల దరఖాస్తు కన్నా ముందు తేదీతో ఉండాలని ఇంతగా చెప్తున్నాను.

ఇంక గ్రామసభ. మోసమంతా ఇక్కడే జరుగుతుంది. పంచాయతీ కేంద్రంలో, మీ ఊరికి పన్నెండు కిలోమీటర్ల దూరంలో, ఉదయం చెప్పి మధ్యాహ్నం సభ పెట్టి, పింఛన్ల గురించి అని సంతకాలు తీసుకుని, పైన తీర్మానం తర్వాత రాసుకోవడం. పీసా చట్టం 1996లో ఊరంటే పంచాయతీ అని చెప్పలేదు. తమ ఆచారాల ప్రకారం తమ వ్యవహారాలు చూసుకునే ఆవాసం ఊరు అంది, ప్రతి ఊరికీ గ్రామసభ ఉంటుందంది. మన రాష్ట్రం మాత్రం 1998లో పంచాయతీరాజ్ చట్టాన్ని మారుస్తూ, భూసేకరణకి మండల పరిషత్‌ని సంప్రదిస్తే చాలన్నట్టు రాసుకుంది, ఇది ఊళ్లకి చేసిన అన్యాయం అని నా గట్టి అభిప్రాయం. 2013 భూసేకరణ చట్టంలో 41వ సెక్షన్ దానికన్నా నయం, షెడ్యూల్డ్ ఏరియాలో వీలైనంతవరకూ భూమి సేకరించకూడదు, వేరే దారి లేనప్పుడే, అది కూడా నోటిఫికేషన్‌కి ముందు సమ్మతి తీసుకుని. అటవీ హక్కుల సభకి సగం మంది సభ్యులు హాజరవ్వాలి, వచ్చినవాళ్లలో మూడో వంతు ఆడవాళ్లు ఉండాలి. ఈ లెక్క లేని సభ తీర్మానం నిలబడదు, వాళ్లదైనా మీదైనా.

అందుకని మీ ఊళ్లోనే, మీ చెట్టు కిందే సభ పెట్టుకోండి. సొంతగా ఒక మినిట్స్ పుస్తకం కొని ప్రతి పేజీకీ నంబరు వేయండి. తేదీ, ఎంతమంది ఓటర్లు, ఎంతమంది వచ్చారు, ఎవరేం మాట్లాడారు అన్నది మాట్లాడిన తీరులోనే రాయండి, ఆఫీసు భాష అక్కర్లేదు. తీర్మానం చదివి వినిపించాకే సంతకాలు, రాసిన గీతకీ మొదటి సంతకానికీ మధ్య ఖాళీ వదలొద్దు. వీడియో తీయండి. పుస్తకం ఎవరో ఒక్కరి ఇంట్లో ఉంచొద్దు, ప్రతి పేజీ ఫొటో పదిమంది ఫోన్లలో ఉండాలి.

తెల్లకాగితం మీద వేలిముద్రలు వేసినవాళ్లని ఎవరూ తిట్టొద్దు. భయపడి వేశారో, చదవలేక వేశారో. వాళ్లనే సభలో మాట్లాడించి, ఏం చెప్పి వేయించుకున్నారో రాసి, ఆ వేలిముద్రల్ని వెనక్కి తీసుకుంటున్నామని తీర్మానం చేసి, కాపీ కలెక్టర్‌కి, ఐటీడీఏకి, గిరిజన సంక్షేమ శాఖకి వెంటనే పంపండి. ఆలస్యం చేస్తే ఆ కాగితం సమ్మతి పత్రం అయి కూర్చుంటుంది. దాంతోపాటు ఆర్‌టీఐ ఒకటి వేయండి, ఈ సర్వేకి అనుమతి ఎవరిచ్చారు, ఏ సర్వే నంబర్లు, ఎన్ని హెక్టార్ల అడవి అడిగారు, డీపీఆర్ (ప్రాజెక్టు పూర్తి నివేదిక) కాపీ ఇవ్వండి అని. 30 రోజుల్లో జవాబివ్వాలి. ఇవ్వకపోయినా అడిగినట్టు రుజువు ఉంటుంది.

ప్రజాభిప్రాయ సేకరణ పెడితే, 30 రోజుల ముందు నోటీసు, తెలుగులో సారాంశం ఇవ్వాలి. దానికి కోరం ఉండదు, నువ్వు వెళ్లకపోయినా జరిగిపోతుంది, కాబట్టి బహిష్కరించడం కన్నా వెళ్లి మాట్లాడడం మేలని నేను చెప్తాను, వేరేలా అనుకునే మిత్రులు నాకున్నారు. చివర్లో మినిట్స్ అక్కడే తెలుగులో చదివి వినిపించాలి, చదవకుండా ఎవర్నీ కదలనివ్వొద్దు. ఈ మధ్య కొన్ని రకాల పంప్డ్ స్టోరేజ్‌లకి ఈ విచారణ లేకుండా సడలింపులు తెచ్చారు, మీది ఏ రకమో ఆర్‌టీఐలో అడుగు. పర్యావరణ అనుమతి వచ్చేస్తే చెన్నైలో ఉన్న గ్రీన్ ట్రిబ్యునల్ బెంచీకి 30 రోజుల్లో అప్పీలు వెయ్యాలి, కారణం చూపిస్తే ఇంకో 60 రోజులు, ఆ మీద ఒక్కరోజు దాటినా తీసుకోరు. మంచి కేసులు ఇక్కడ పోయాయి.

బెదిరింపులు వస్తాయి. గిరిజనుణ్ణి అతని భూమి నుంచి అక్రమంగా తప్పించడం, అటవీ హక్కుల అనుభవానికి అడ్డుపడడం అత్యాచారాల నిరోధక చట్టం కింద నేరం, 2015 సవరణలో అటవీ హక్కుల మాట స్పష్టంగా చేర్చారు. ఫిర్యాదు రాసి ఇవ్వండి, స్టేషన్‌లో తీసుకోకపోతే ఎస్పీకి పోస్టులో పంపండి. మీవైపు నుంచి రాయి విసరడం, సర్వే మనిషి మీద చెయ్యి వేయడం జరగకూడదు, వాళ్లకి కావాల్సింది అదే, ఒక్క కేసుతో ఊళ్లోని చురుకైన కుర్రాళ్లంతా రెండేళ్లు కోర్టు చుట్టూ తిరుగుతారు. గుంపుగా నిలబడి, గ్రామసభ తీర్మానం చూపించి, అనుమతి కాగితం చూపించమని అడిగి, లేదంటే వెనక్కి పంపండి. ఆడవాళ్లు ముందుంటే ఇది బాగా జరుగుతుంది.

బయటి మద్దతు తక్కువ చేసి చూడకు. 2019లో నల్లమలలో చెంచుల అడవిలో యురేనియం వెతుకుతామంటే, అమ్రాబాద్ ఊళ్ల మాట హైదరాబాద్ దాకా చేరింది కాబట్టే సెప్టెంబరు 16న తెలంగాణ శాసనసభ వద్దని తీర్మానం చేసింది. కానీ బయటివాళ్లు, నాలాంటి వాళ్లతో సహా, మీ తరఫున ఏ మీటింగులో కూర్చున్నా ఊరి తీర్మానం చేతిలో పట్టుకునే కూర్చోవాలి. మీకు తెలియకుండా మీ కోసం ఒప్పందం మాట్లాడే ఎవర్నీ నమ్మొద్దు.

ఇక ఉద్యోగం కావాలన్న కుర్రాళ్ల సంగతి. వాళ్లని ద్రోహులు అనొద్దు. ఏజెన్సీ స్కూళ్లలో టీచరు పోస్టులన్నీ గిరిజనులకే అన్న జీవో 3ని 2020 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు కొట్టేశాక, డిగ్రీ, బీఈడీ చదివి ఇళ్ల దగ్గర కూర్చున్నవాళ్లు ఎంతమంది ఉన్నారో నాకు తెలుసు. వాళ్ల టెన్షన్ నిజం. కంపెనీ మనిషి దగ్గర వాళ్లతోనే అడిగించు, ఎన్ని ఉద్యోగాలు, పర్మనెంటా కాంట్రాక్టా, కట్టేటప్పుడా కట్టాకా, ఏ చదువుకి, జీతమెంత, రాసి సంతకం పెట్టి ఇస్తారా అని. పంప్డ్ స్టోరేజ్ కట్టేటప్పుడు కూలి పని ఉంటుంది, నడిచేటప్పుడు కావాల్సింది కొద్దిమంది సాంకేతిక సిబ్బంది. వాళ్లే అడిగి, వాళ్లే జవాబు విని, సభలో చెప్పనివ్వు. నువ్వు చెప్తే వాదన అవుతుంది.

మీరు నిర్వాసితులైతే ఏమవుతుందో చూడాలంటే, పోలవరం ముంపు నుంచి తరలించిన కొండరెడ్డి, కోయ కుటుంబాల కాలనీకి ఊరి నుంచి ఓ పదిమంది వెళ్లి రండి, ఆడవాళ్లని తప్పకుండా తీసుకెళ్లండి. ఇల్లు చూపిస్తారు. పశువులు ఎక్కడ కడుతున్నారు, పొయ్యిలోకి కట్టెలు ఎక్కడివి, ఏ దేవతకి ఎక్కడ పండగ చేసుకుంటున్నారు, భూమికి భూమి ఇచ్చారా, ఇచ్చిన భూమిలో నీళ్లున్నాయా అని అడగండి. వచ్చాక సభ పెట్టండి.

ఊరు షెడ్యూల్డ్ ఏరియాలో ఉందో లేదో రాతపూర్వకంగా తేలగానే ఆ కాగితం, డి-పట్టాల నకళ్లు, సర్వే రాళ్ల ఫొటోలు ఇక్కడ పెట్టు, మనుషుల పేర్లు, నంబర్లు కనిపించకుండా చూసుకో. ఫారం సి నింపడంలో హద్దుల దగ్గర పక్క ఊరితో తగాదా వస్తే ముందు వాళ్లతో కూర్చుని రెండు ఊళ్ల సంతకాలతో ఒకే హద్దు రాసుకోండి, తగాదా ఆఫీసు దాకా వెళ్తే రెండు దరఖాస్తులూ ఆగిపోతాయి.